రోలర్ కోస్టర్ ఎక్కవచ్చునా?

ప్రశ్న: నా వయస్సు 61 సంవత్సరాలు. ఎనిమిదేళ్లుగా బ్లడ్‌ప్రెషరుకి మాత్రలు వాడుతున్నాను. నా భార్యకు 57 ఏళ్లు. ఆమెకు మెడనొప్పి, అప్పుడప్పుడు కళ్లు తిరగడం ఉన్నాయి. వచ్చే నెలలో అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాము. అల్లుడుగారు ఫ్లోరిడాలోని పెద్ద పార్కుకి అందరికీ టిక్కెట్లు కొన్నారు. అక్కడ రోలర్ కోస్టర్లు ఉంటాయట. "భయం లేదు మామయ్యగారూ, అవి కథ చూపించే రైళ్లు, పిల్లలు కూడా ఎక్కుతారు" అంటున్నారు. మేము ఎక్కవచ్చునా? ఎక్కకపోతే అంత డబ్బు పోసి కొన్న టిక్కెట్లు దండగ అవుతాయేమోనని సంకోచంగా ఉంది.

జవాబు: ఇటువంటి సందేహం ఇప్పుడు చాలా ఇళ్లలో వస్తోంది. పిల్లలు విదేశాలలో స్థిరపడ్డారు. తల్లిదండ్రులు చూడటానికి వెళ్తారు. వాళ్లను సంతోషపెట్టాలని పిల్లలు పార్కులకు తీసుకెళ్తారు. పిల్లల ముచ్చట కాదనలేక పెద్దవాళ్లు తలూపుతారు. ఒంట్లో ఉన్న జబ్బు సంగతి ఆ సమయానికి ఎవరికీ గుర్తు రాదు. అందుకని మీ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు చెబుతాను.

కథ వేరు, కుదుపు వేరు

మన జాతరలో జెయింట్ వీలు ఎక్కేవారికి తాము ఎక్కుతున్నది ఏమిటో కంటికి కనిపిస్తుంది. ఎంత ఎత్తు, ఎంత వేగం, ఎక్కినవాళ్లు ఎలా అరుస్తున్నారు, అన్నీ కిందనుంచే తెలుస్తాయి. ధైర్యం చాలనివారు పక్కకు తప్పుకుంటారు. కథతో అలంకరించిన రోలర్ కోస్టర్ సంగతి అలా కాదు. అక్కడ పట్టాలను కొండల వెనకా, గుహలలోనూ, చీకటి హాళ్లలోనూ దాచిపెడతారు. బయటకు ఒక కొండ కనిపిస్తుంది, లేదా ఒక కోట కనిపిస్తుంది. లోపల ఏముందో కూర్చున్న తరువాత గాని తెలియదు.

ఉదాహరణకి ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో 2006లో ప్రారంభించిన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ చూడండి. హిమాలయాలలో టీ తోటల మీదుగా పాత రైలులో ప్రయాణం అన్నట్లుగా అది మొదలవుతుంది. కొండమీదకు వెళ్లాక మంచుమనిషి పట్టాలు పీకేసినట్లు కనిపిస్తుంది. అక్కడినుంచి రైలు చీకటిలో వెనక్కు జారుతుంది! తరువాత గంటకు 80 కిలోమీటర్ల వేగంతో కిందకు దూకుతుంది. పక్కనే ఉన్న యూనివర్సల్ పార్కులో 2021లో వచ్చిన వెలాసికోస్టర్ కథ రాక్షసబల్లులది. అది 155 అడుగుల ఎత్తు ఎక్కి, గంటకు 110 కిలోమీటర్లు దాటి పరుగెత్తి, మనిషిని తలకిందులు చేస్తుంది. రెండూ కథలే. కాని ఒంటికి తగిలే దెబ్బలో రెంటికీ చాలా తేడా ఉంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. అదే ఫ్లోరిడాలో 1975 నుంచి ఉన్న స్పేస్ మౌంటెన్ వేగం గంటకు 45 కిలోమీటర్లకు మించదు. మన ఆర్టీసీ బస్సు అంతకంటే వేగంగా పోతుంది. అయినా దిగినవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నామంటారు. కారణం చీకటి. మలుపు ఎటు వస్తుందో కంటికి తెలియకపోతే మెడ కండరాలు, నడుము కండరాలు ముందుగా బిగుసుకుని సిద్ధం కాలేవు. చిన్న కుదుపు కూడా పెద్దగా తగులుతుంది.

అందుచేత మొదటి సూత్రం: బొమ్మను చూసి, పేరును చూసి రైడు ఎటువంటిదో నిర్ణయించకండి. గేటు దగ్గర పెట్టిన హెచ్చరిక బోర్డు చదవండి. ఇంగ్లీషు చదవలేకపోతే పిల్లల చేత చదివించుకోండి. గుండెజబ్బు, అధిక రక్తపోటు, మెడ, వెన్ను బాధలు, ఇటీవలి ఆపరేషన్, గర్భం - ఈ మాటలు ఆ బోర్డు మీద ఉంటే అవి మర్యాద కోసం రాసినవి కావు.

శరీరం మీద పడే బరువు

1884లో అమెరికాలో కోనీ ఐలాండ్ అనే చోట లామార్కస్ థామ్సన్ నడిపిన రైలు గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లేది. టిక్కెట్టు 5 సెంట్లు. దానివల్ల ఎవరికీ బాధ లేదు. అక్కడే 1895లో ఫ్లిప్ ఫ్లాప్ అనే రైలు పెట్టారు. అది కచ్చితమైన గుండ్రటి చక్రంలో మనిషిని తలకిందులు చేసేది. చక్రంలోకి ప్రవేశించే క్షణంలో ఎక్కినవారిమీద వారి బరువుకు పన్నెండు రెట్ల దాకా ఒత్తిడి పడేదని అంచనా. ఎక్కినవారికి మెడలు పట్టేసేవి. జనం ఎక్కడం మానేశారు. చివరికి దాన్ని మూసేశారు.

ఆ తరువాత ఇంజనీర్లు తెలివి తెచ్చుకున్నారు. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో కట్టిన రైలులో చక్రాన్ని గుండ్రంగా కాక, తలకిందులుగా వేలాడే నీటిబొట్టు ఆకారంలో చేశారు. పైన ఇరుకు, కింద వెడల్పు. ఇందువల్ల ఒత్తిడి ఒక్కసారిగా పడక క్రమంగా పెరిగి క్రమంగా తగ్గుతుంది. ఇప్పటి రైళ్లన్నీ ఈ పద్ధతి మీదనే ఆధారపడ్డాయి.

అయినా ఒత్తిడి అసలు లేకుండా పోదు. మామూలుగా నిలబడినపుడు మన బరువు ఒక రెట్టు. రైలు లోయలోకి దిగి మళ్లీ పైకి లేచేటప్పుడు అది మూడు నాలుగు రెట్లు అవుతుంది. 60 కిలోల మనిషి ఆ ఒకటి రెండు సెకండ్లు 240 కిలోల బరువైనట్లు లెక్క. రక్తం కాళ్లవైపు లాగబడుతుంది. మెదడుకు కాస్త తక్కువ అందుతుంది. కొందరికి కళ్లముందు బూడిదరంగు తెర కమ్మినట్లవుతుంది. ఆరోగ్యవంతుడి రక్తనాళాలు వెంటనే బిగుసుకుని దీన్ని సర్దుకుంటాయి. వయసు పైబడినవారికి, కొన్ని రకాల బ్లడ్‌ప్రెషరు మాత్రలు వేసుకునేవారికి ఈ సర్దుబాటు ఆలస్యం అవుతుంది. ఎండలో నిలబడి ఒంట్లో నీరు తగ్గినవారికీ అంతే.

గుండె ఏమంటుంది?

జర్మనీలో మాన్‌హైమ్ యూనివర్సిటీ ఆసుపత్రి డాక్టర్లు 55 మంది ఆరోగ్యవంతులకు ఛాతీమీద ఇ.సి.జి. యంత్రాలు కట్టి రోలర్ కోస్టర్ ఎక్కించారు. ఆ రైలు ఎత్తు 62 మీటర్లు, వేగం గంటకు 120 కిలోమీటర్లు. ఎక్కే ముందు నిమిషానికి సగటున 91 సార్లు కొట్టుకున్న గుండె 153కి పెరిగింది. కొద్దిమందిలో గుండె లయ కూడా కాసేపు తప్పింది. 2005లో ఈ ఫలితాలను అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమావేశంలో చెప్పారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. సీటులో కూర్చున్న మనిషి ఏ శ్రమా చేయడం లేదు. గుండెను పరుగెత్తించేది ముఖ్యంగా భయం. రైలు నెమ్మదిగా పైకి ఎక్కేటప్పుడే అడ్రినలిన్ రక్తంలోకి వచ్చేస్తుంది. కథతో అలంకరించిన రైళ్లలో ఈ భయాన్ని క్యూలో నిలబడ్డప్పటినుంచే పెంచుతారు. గోడలమీద హెచ్చరికలు, లోపలినుంచి గర్జనలు, మసక వెలుతురు, ఇవన్నీ అందుకే. కుర్రవాడికి ఇది సరదా. గుండె రక్తనాళాలు పూడుకున్నవారికి ఇది పరీక్ష.

ఫ్లోరిడాలోనే ఎప్కాట్ పార్కులో 2003లో మిషన్ స్పేస్ అనే రైడు ప్రారంభించారు. ఇది రోలర్ కోస్టర్ కాదు. అంతరిక్ష ప్రయాణం కథతో మనిషిని గిరగిర తిప్పే యంత్రం. 2005లో నాలుగేళ్ల పిల్లవాడు, 2006లో ఒక మధ్యవయస్కురాలు ఈ రైడు ఎక్కిన తరువాత మరణించారు. పరీక్షలో పిల్లవాడికి అంతవరకూ బయటపడని గుండె కండరాల జబ్బు ఉన్నట్లు తేలింది. ఆమెకు చాలాకాలంగా తీవ్రమైన రక్తపోటు ఉంది, మెదడులో రక్తస్రావం అయింది. 2006లోనే ఆ పార్కు వారు తిప్పుడు లేని తేలికరకం రైడును కూడా పక్కనే ఏర్పాటు చేశారు.

రోజూ ఎన్నో వేలమంది ఎక్కి క్షేమంగా దిగుతున్నారు. కనుక దీన్ని విని బెదిరిపోనక్కర్లేదు. తెలియని జబ్బు, అదుపులో లేని జబ్బు ప్రమాదకరమని మాత్రం గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఆటలలో పిల్లవాడు స్పృహతప్పి పడిపోతున్నా ముందు గుండె పరీక్ష చేయించండి. రోలర్ కోస్టర్ సంగతి తరువాత.

తల, మెడ

రోలర్ కోస్టర్ దిగిన కొన్ని రోజులకు విడవని తలనొప్పితో వచ్చిన రోగులలో మెదడు పొరలకింద రక్తం గడ్డకట్టినట్లు కనిపెట్టిన సందర్భాలు వైద్య పత్రికలలో ఉన్నాయి. జపాన్‌లో 24 ఏళ్ల యువతికి ఇలా జరిగిందని 2000లో ప్రచురించారు. మెడలోని రక్తనాళం లోపొర చిరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. అయితే పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు లెక్కలు కట్టి, రోలర్ కోస్టర్ కుదుపులు ఆరోగ్యవంతుడి మెదడుకు గాయం చేసే స్థాయికి చాలా కిందనే ఉన్నాయని 2002లో తేల్చారు. రెండూ నిజమే. ఇటువంటివి బహు అరుదు. కాని రక్తం పలచబడే మందులు వాడేవారికి, మెడ ఎముకలు అరిగినవారికి, ఎముకలు గుల్లబారిన స్త్రీలకు ఆ అరుదైన ప్రమాదం కాస్త దగ్గరగా ఉంటుంది.

దిగిన తరువాత గంటలో తగ్గిపోయే తలనొప్పికి కంగారు లేదు. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, మెడలో ఒకపక్క కొత్తగా వచ్చిన తీవ్రమైన నొప్పి, మాట తడబడటం, చూపు రెండుగా కనపడటం, ఒక చెయ్యి పట్టుతప్పడం - వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, రోలర్ కోస్టర్ ఎక్కిన సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఘాట్ రోడ్డు వాంతులు

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బస్సులో కొందరు నిమ్మకాయ పట్టుకుని కూర్చోవడం మీరు చూసే ఉంటారు. రోలర్ కోస్టర్ దిగాక వచ్చే వికారానికీ కారణం అదే. మన లోచెవిలో మూడు అర్ధచక్రాకారపు గొట్టాలున్నాయి. తల ఎటు తిరిగినా వాటిలోని ద్రవం కదిలి మెదడుకు తెలియజేస్తుంది. కళ్లు చెప్పేదీ, చెవి చెప్పేదీ కలిస్తే ఇబ్బంది లేదు. కథారైళ్లలో తెరమీద బొమ్మ ఒకవైపు కదులుతుంది, కుర్చీ మరొకవైపు తిరుగుతుంది. మెదడు తికమక పడుతుంది. వికారం, చెమటలు, వాంతి వస్తాయి.

ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవారికి ఇక్కడా అవుతాయనుకోవచ్చు. పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి మరీ ఎక్కువ. అటువంటివారు ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ఎక్కకూడదు. రెండు గంటల ముందు తేలికగా తినాలి. తలను సీటుకు ఆనించి, ఎదురుగా దూరంగా ఉన్నదాన్ని చూడాలి. అల్లం కొందరికి పనిచేస్తుంది. అవోమిన్ వంటి మాత్రలు ఎక్కడానికి గంటముందు వేసుకుంటే వికారం తగ్గుతుంది గాని నిద్రమత్తు వస్తుంది. ఆ రోజు కారు నడపకూడదు. నీటికాసులు, ప్రోస్టేటు బాధ ఉన్న పెద్దవారు ఈ మాత్రలు డాక్టరును అడగకుండా వాడరాదు.

కొన్ని వింతలు

రోలర్ కోస్టర్ ఎక్కితే మూత్రపిండాలలో రాళ్లు పడిపోతాయట, నిజమేనా అని కొందరు అడుగుతారు. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన డాక్టర్ డేవిడ్ వార్టింగర్ ఈ మాట రోగుల నోట విని, మూత్రపిండం నమూనాలో రాళ్లు పెట్టి, సంచిలో మోసుకుని బిగ్ థండర్ మౌంటెన్ అనే గనుల రైలు ఎక్కారు. ముందు సీట్లలో 24 సార్లకు 4 సార్లు, వెనక సీట్లలో 36 సార్లకు 23 సార్లు రాయి కిందకు జారింది. 2016లో ప్రచురించిన ఈ పరిశోధనకు 2018లో నవ్వించి ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. అది చాలా చిన్న రాళ్ల సంగతి, అదీ నమూనాలో. పెద్దరాయి కదిలి నాళంలో ఇరుక్కుంటే ఆ నొప్పి భరించలేరు. దీన్ని వైద్యంగా భావించకండి.

ఉబ్బసం గురించి కూడా ఒకటి చెప్పాలి. నెదర్లాండ్స్‌లో ఉబ్బసం ఉన్న యువతులను రోలర్ కోస్టర్ ఎక్కించి చూశారు. దిగిన తరువాత ఆయాసం తగ్గినట్లు వారికి అనిపించింది. కాని ఊపిరితిత్తుల పనితనం మెరుగుపడలేదు, పైగా కొంచెం తగ్గింది. ఉత్సాహంలో ఆయాసం తెలియకుండా పోతుందన్నమాట! ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్ జేబులో లేకుండా క్యూలోకి వెళ్లకూడదు.

క్యూ కూడా రైడులో భాగమే

రైడు రెండు మూడు నిమిషాలు. క్యూ ఒక్కోసారి రెండు గంటలు. ఫ్లోరిడా ఎండ మన కోస్తా ఎండలాగే ఉక్కపోతతో ఉంటుంది. షుగరు మందులు వాడేవారు భోజనం వేళ తప్పి క్యూలో ఉండిపోతే షుగరు పడిపోవచ్చు. జేబులో నాలుగు బిస్కట్లు, గ్లూకోజు ఉంచుకోండి. దాహం వేయకపోయినా నీరు తాగుతూ ఉండండి. విమానం దిగిన మర్నాడే పార్కుకు బయలుదేరకండి. నిద్ర చక్కబడటానికి మూడు నాలుగు రోజులు ఆగండి. మూర్ఛలు ఉన్నవారు మిరుమిట్లు గొలిపే లైట్లున్న రైళ్లకు దూరంగా ఉండాలి. ఇన్సులిన్ పంపు, పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగా తమ డాక్టరును అడగాలి. కొన్ని రైళ్లను బలమైన అయస్కాంతాలతో తోస్తారు.

ముందుముందు ఎలా ఉంటాయి?

కొంతకాలం ఎత్తు, వేగాల పోటీ నడిచింది. న్యూజెర్సీలో 2005లో తెరిచిన కింగ్డా కా 456 అడుగుల ఎత్తు, గంటకు 206 కిలోమీటర్ల వేగం. దాన్ని 2024లో మూసివేసి, 2025 ఫిబ్రవరిలో పేల్చి పడగొట్టారు. అబుదాబిలో 2010 నుంచి ఉన్న ఫార్ములా రోసా 240 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, కళ్లకు అద్దాలు పెట్టుకోనిదే ఎక్కనివ్వరు. ఆ పోటీ పూర్తిగా ఆగలేదు. అయినా పెద్ద పార్కులు ఎక్కువగా కథవైపు మొగ్గుతున్నాయి. కుటుంబమంతా కలిసి ఎక్కగలిగితేనే టిక్కెట్లు అమ్ముడవుతాయి. 2019లో హ్యారీ పోటర్ కథతో వచ్చిన హాగ్రిడ్ మోటారుబైకు రైలు ఎత్తు తక్కువ, వేగం గంటకు 80 కిలోమీటర్లు. కాని ఏడుచోట్ల ముందుకు తోస్తుంది, ఒకచోట వెనక్కు నడుస్తుంది. 2022లో వచ్చిన కాస్మిక్ రివైండ్‌లో పెట్టెలు పరుగెడుతూనే పక్కకు తిరుగుతాయి. అది దిగినవారిలో వికారం గురించి చెప్పేవారు చాలామంది.

2016లో సిక్స్ ఫ్లాగ్స్, ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ పార్కులవారు ప్రయాణికుల కళ్లకు వి.ఆర్. పెట్టెలు కట్టి రైలు ఎక్కించారు. చెవికి, కంటికి పొత్తు కుదిర్చే కొత్త మార్గమని అనుకున్నారు. పెట్టెలు సరిచూడడం, తుడవడంలో క్యూలు పెరిగిపోయాయి. కొన్నేళ్లకే అవి చాలాచోట్ల కనుమరుగయ్యాయి.

వైద్యుడి దృష్టితో చూస్తే ఈ మార్పులో మంచీ ఉంది, చెడూ ఉంది. మెడకు, గుండెకు తగిలే దెబ్బ తగ్గుతుంది. లోచెవికి పరీక్ష పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇదివరకు దూరంగా నిలబడి చూసే తాతలు, అమ్మమ్మలు ఇకమీదట కథ చూద్దామని లోపలికి వెళ్తారు. జబ్బు ఉన్నవారు ఎక్కడం పెరుగుతుంది. అందుకని బోర్డు చదివే అలవాటు ఇప్పటినుంచే చేసుకోవాలి.

ఎవరు ఎక్కకూడదు?

గర్భిణులు ఏ నెలలోనైనా ఎక్కకూడదు. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు, బైపాస్ జరిగినవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఇటీవల కంటి ఆపరేషన్ లేదా కడుపు ఆపరేషన్ అయినవారు, వెన్నుపూస జారినవారు, మద్యం తాగినవారు మానుకోవాలి. పిల్లల విషయంలో ఎత్తు కొలత తప్పనిసరి. ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌కు 44 అంగుళాలు, వెలాసికోస్టర్‌కు 51 అంగుళాలు ఉండాలి. బిగించే కడ్డీ ఒంటికి సరిగా అమరడానికే ఆ కొలత. "మావాడు ధైర్యవంతుడు" అని బూట్లలో అట్టలు పెట్టి ఎక్కించే తల్లిదండ్రులు పిల్లవాడికి కీడు చేస్తున్నారు.

ఇక మీ సంగతి. ప్రయాణానికి ముందే మీ డాక్టరు దగ్గర రక్తపోటు చూపించుకుని, ఇ.సి.జి. తీయించుకోండి. రక్తపోటు అదుపులో ఉండి, గుండె బాగుందని ఆయన చెబితే నెమ్మదిగా వెళ్లే చిన్న రైళ్లు ఎక్కవచ్చు. తలకిందులు చేసేవి, చీకటిలో వెనక్కు జార్చేవి మీకు వద్దు. పార్కుకు వెళ్లే రోజున మాత్ర మానవద్దు. మీ భార్యకు మెడనొప్పితోపాటు కళ్లు తిరగడం కూడా ఉంది కనుక ఆవిడ ఏ రోలర్ కోస్టరూ ఎక్కకూడదు. పడవ ప్రయాణాలు, ఊరేగింపులు, నాటకాలు, బాణసంచా అదే టిక్కెట్టు మీద చూడవచ్చు. టిక్కెట్టు డబ్బు దండగ కాదు.

అల్లుడుగారితో మీరే స్పష్టంగా చెప్పండి. అమెరికాలో ఆసుపత్రి ఖర్చు ఎంతవుతుందో ఆయనకు తెలుసు. ప్రయాణీకుల ఇన్సూరెన్సు పాలసీలలో చాలావరకు పాత జబ్బులకు పూర్తి రక్షణ ఉండదు. బయలుదేరే ముందు ఆ కాగితాలు కూడా ఒకసారి చదివించుకోండి. మనవలు రైలు ఎక్కినప్పుడు వారి సంచులు, కళ్లజోళ్లు పట్టుకుని నీడలో కూర్చునే మనిషి ఎవరో ఒకరు ఎలాగూ కావాలి. ఆ పని మీ శ్రీమతికి అప్పగించండి, తోడుగా మీరూ కూర్చోండి.